అత్త తీసేసిన వాక్యాలు

పోయిన గురువారం రెండో పీరియడు ముగించుకుని స్టాఫ్ రూముకు వచ్చేసరికి నా బల్ల మీద ఒక పోస్టుకార్డు ఉంది. చిత్తూరు నుంచి, అత్త పక్కింటివాళ్లు రాసింది. "అత్త ఆదివారం మద్యాన్నం అన్నం తిని చాప మీద పనుకునింది. సాయంత్రం కాఫీకి పిలిస్తే లేయలేదు. మీ ఇంటి అడ్రసు తెలీక ఆ పొద్దే తంతి ఇయ్యలేకపోయినాము. ఆమె పెట్టెలో మీ కాలేజీ పేరుండే కవరు దొరికితే రాస్తా ఉండాము." అంతే కార్డు. నాకు తెలిసేసరికి నాలుగు రోజులైపోయింది. దాన్ని జేబులో పెట్టుకుని మూడో పీరియడుకు పోయాను. ఏం పాఠం చెప్పానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. చిత్తూరు గిరింపేటలో ఆమె ఉండే వీధి వీధంతా ఆమెను అత్తా అని పిలిచేది. నేనూ అదే పిలుపు నేర్చుకున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకు గిట్టదు. బతికుండగా నేను ఆ మాట దాటలేదు. ఇప్పుడు దాటితే అడిగేవాళ్లు లేరు కాబట్టే దాటకూడదనిపిస్తోంది.

ఆమె అన్నను పాఠకుల్లో చాలామంది ఎరుగుదురు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేశాడు. వయసులో ఉండగా ఒకే ఒక పద్యాల పుస్తకం వేసి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల పాటు ఇతరుల పుస్తకాల మీద రాశాడు. మద్రాసు నుంచి వచ్చే ఒక మాసపత్రికలో నెలనెలా ఆయన సమీక్ష ఉండేది. ఆ పేజీ కోసమే పత్రిక కొనేవాళ్లు ఉండేవాళ్లు. ఆ పేజీకి జడిసి పుస్తకం పంపకుండా దాచుకునేవాళ్లూ ఉండేవాళ్లు. అత్తతో మాట్లాడేటప్పుడు నేను ఆయన్ని పెద్దాయన అనేవాణ్ణి. ఇక్కడా అట్లాగే అంటాను. చివరి పదేళ్లలో నీటికాసులు వచ్చి ఆయనకు రెండు కళ్లూ పోయాయి. అత్త ఆయన్ను వెంటబెట్టుకుని రాయవేలూరు ఆస్పత్రికి ఎన్ని సార్లు తిరిగినా చూపు నిలవలేదు. ఆ పదేళ్లూ ఆయన చెప్పడం, ఆమె రాయడం. చిన్న వయసులోనే భర్త పోయి అన్న ఇంటికి వచ్చిన మనిషి, ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, ఆయన భార్య కూడా పోయాక ఆ ఇంట్లో వంటా ఆమే, కలమూ ఆమే అయింది.

నేను ఆయన జీవిత చరిత్ర రాయడానికి పూనుకోవడం వెనక పెద్ద సాహిత్య కారణం ఏమీ లేదు. చదువుకునే రోజుల్లో నేనూ ఒక చిన్న కవితల పుస్తకం వేశాను. మిత్రులు పొగిడారు. పెద్దాయన తన పేజీలో దాని గురించి ఆరేడు పంక్తులు రాశాడు. పుస్తకంలో తప్పులు చెప్పి, చివర "గాలివాన మీది కవితలో ఒక పాదం నిలుస్తుంది" అన్నాడు. అంత కోపిష్టి మనిషి నోట ఆ మాట వచ్చిందని నేను ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. ఏడేళ్లు అది నాతోనే తిరిగింది. తిరపతిలో ఉద్యోగం దొరికి, పరిశోధనకు విషయం ఎంచుకొమ్మన్నప్పుడు వేరే పేరు తోచలేదు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ఎండాకాలంలో మొదటిసారి చిత్తూరికి పోయాను. అత్త గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా ప్రొఫెసరు గారు రాసిచ్చిన ఉత్తరం చేతికిస్తే చదివి, మడిచి, పక్కన పెట్టింది. "మా అన్న పద్యం ఒకటి చెప్పు" అంది. నాకు నోటికి వచ్చింది చెప్పాను. మూడో పాదంలో ఆపి ఒక మాట సరిదిద్దింది. పుస్తకంలో అట్లాగే ఉందని నేను వాదించబోయాను. అది అచ్చుతప్పు అనీ, నలభై ఏళ్లుగా అందరూ తప్పే చదువుతున్నారనీ చెప్పి లోపలికి రమ్మంది.

ఆ కాగితాల గురించి చెప్పాలి. మూడు చెక్కపెట్టెల నిండా ఉన్నాయి. ప్రతి కట్టలోనూ ఎండిన వేపాకూ, ఒక వస కొమ్మూ పెట్టి ఉండేవి, పురుగు పట్టకుండా. కవుల ఉత్తరాలు, తిట్టిన ఉత్తరాలు, క్షమించమన్న ఉత్తరాలు, బడి ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు, పెండ్లిపత్రికల వెనక పెద్దాయన రాసుకున్న పద్యపాదాలు. నేను అంతా ఒకేసారి తీసుకుపోయి నెలలో తేల్చుకుంటానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. శనివారానికి ఒక కట్ట ఇస్తుంది. నేను పోయిన వారం కట్ట వాపసు ఇచ్చి, ఆమె ఒక్కొక్క కాగితం తిప్పి చూసుకున్నాక కొత్తది. "కాగితానికి తొందర లేదప్పా, తొందరంతా మనకే" అనేది. కాగితం ముట్టుకునే ముందు చెయ్యి కడిగి, తుడుచుకుని, మళ్లీ చీర కొంగుకు తుడుచుకునేది. అద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకునేది. నా చేతులు కూడా కడిగించేది.

అట్లా రెండేళ్లు నా శనివారాలన్నీ చిత్తూరువే. పొద్దున్నే బస్సెక్కి చంద్రగిరి మీదుగా పోయేది, బస్సు దొరక్కపోతే పాకాల మీద పోయే పాసింజరు. మధ్యాహ్నం ఆమె పెట్టిన సంగటి తిని, ఆమె చెప్పేది కార్డుల మీద రాసుకుని, చీకటి పడకముందే తిరుగు బస్సు. చెప్పుల అట్టపెట్టె ఒకటి కార్డులతో నిండి రెండోది మొదలైంది.

నా పుస్తకానికి ప్రాణం లాంటిదని నేననుకున్న అధ్యాయం ఒకటుంది. "చల్లబడ్డ కలం" అని పేరు పెట్టాను. విషయం ఏమిటంటే, కళ్లు పోకముందు పెద్దాయన సమీక్షలు చదివితే ఒళ్లు మండుతుంది. కళ్లు పోయాక రాసినవి వేరే మనిషి రాసినట్టుంటాయి. తప్పు చెబుతాడు గాని గాయం చెయ్యడు. అన్ని సాహిత్య చరిత్రల్లోనూ ఈ మార్పు గురించి ఒక వాక్యమైనా ఉంటుంది. నేను ముప్ఫై పేజీలు రాశాను. వెలుగు పోయినవాడికి లోపలి వెలుగు ఎట్లా దొరికిందో, బాధ మనిషిని ఎట్లా మెత్తబరుస్తుందో వర్ణించాను. ప్రొఫెసరు గారు మార్జిన్‌లో ఉత్తమం అని రాశారు. ఆ ఉత్సాహంలో అత్తకు చదివి వినిపించాలని తీసుకుపోయాను.

ఆ రోజు ఆమె పితికిపప్పు చేయడానికి నానబెట్టిన అనప గింజలు ముందర పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క గింజా రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లకు మిగులుతుంది. నేను ముప్ఫై పేజీలూ చదివాను. ఆమె గింజలు పితుకుతూనే ఉంది. చదవడం అయ్యాక తలెత్తి చూసింది.

"బాగా రాసినావు నాయనా. సదువుతా ఉంటే నాకే కండ్లలో నీళ్లొచ్చినాయి. అయితే అది నిజం కాదు."

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి చేతులు కడుక్కుని, తుడుచుకుని, కొంగుకు మళ్లీ తుడుచుకుని, లోపలి గదిలోకి పోయింది. అంతవరకూ నాకు చూపించని పెట్టె ఒకటి తెరిచిన చప్పుడైంది. రూళ్ల నోటుపుస్తకాలు పదకొండు తెచ్చి నా ముందర పెట్టింది.

అవి పెద్దాయన చెబుతుంటే ఆమె రాసుకున్న చిత్తుప్రతులు. చెప్పింది చెప్పినట్టు ముందు ఈ నోటుపుస్తకంలో రాసి, తర్వాత తెల్లకాగితాల మీద శుభ్రంగా ఎత్తిరాసి మద్రాసుకు పంపేది. ఒకటి తెరిచాను. చాలా పేజీల్లో కొన్ని వాక్యాలకు అటూ ఇటూ పెన్సిలుతో బ్రాకెట్లు పెట్టి ఉన్నాయి. బ్రాకెట్లలో ఉన్నదేదీ అచ్చులో లేదు. ఒక కవి గురించి, ఇతనికి చెవి లేదు కాబట్టి నోటికి సెలవివ్వాలి అని. ఇంకొకరి గురించి, ఈ కావ్యాన్ని అంకితం తీసుకున్నాయన మీద నాకు జాలి వేస్తోంది అని. అదే పాత మంట, కొంచెం కూడా చల్లారలేదు. పెద్దాయన చివరి రోజు దాకా అట్లాగే చెప్పాడు. అత్త తీసేసి పంపింది.

ఎందుకు చేశావు అని అడిగాను. ఆమె ఒక నోటుపుస్తకం అట్టలోంచి పాత ఇన్‌లాండ్ ఉత్తరం తీసి ఇచ్చింది. పెద్దాయన కళ్లు మసకబారుతున్న రోజుల్లో వచ్చింది. ఆయన సమీక్షించిన ఒక కవి భార్య రాసింది. "అయ్యా, మీ సమీక్ష వచ్చినప్పటి నుంచి ఆయన బడికి పోవడం లేదు. రాసుకున్న పుస్తకాలన్నీ నీళ్ల పొయ్యిలో పెట్టినారు. ఆయన మంచి కవి కాకపోవచ్చు. మంచి మనిషి. ఆయనకు ధైర్యంగా ఒక ముక్క రాయండి." చూపు సరిగా లేని అన్నకు అత్తే దాన్ని చదివి వినిపించింది. ఆయన విని, కవిత్వం వేరే, కనికరం వేరే, మడిచి పెట్టు అన్నాడట. ఆమె మడిచి పెట్టింది. ఆ తర్వాతి నెల ఆయన చెబుతుంటే సమీక్ష తానే రాసి పంపాల్సి వచ్చినప్పుడు మొదటి బ్రాకెట్టు పెట్టింది.

పత్రిక వచ్చాక ఆయన చదివి వినిపించమనేవాడు. అత్త పత్రిక లోపల నోటుపుస్తకం పెట్టుకుని, అచ్చులో లేని వాక్యాలను కూడా కలిపి చదివేది. ఆయన విని తల ఊపేవాడు. ఇది చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో గర్వమూ లేదు, తప్పు చేసిన బెరుకూ లేదు. వంటలో కారం తగ్గించిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది. ఒక్క మాట మాత్రం చివర్లో అంది. అన్నకు కోపం వచ్చినప్పుడే వాక్యం బాగా కుదిరేదనీ, మంచి వాక్యాలన్నీ అవేననీ, తీసేటప్పుడు ప్రతిసారీ చెయ్యి ఆడేది కాదనీ.

నోటుపుస్తకాలన్నీ ఒకేసారి తిరపతికి తీసుకుపొమ్మని సంచిలో సర్ది ఇచ్చింది. రెండేళ్లలో అట్లా ఇవ్వడం అదే మొదటిసారి. ఇస్తూ ఒకే ఒక షరతు పెట్టింది. తాను తీసేసిన సంగతి రాస్తే రాసుకో, తీసేసిన మాటలు మాత్రం అచ్చులో వద్దు. ఆ కవుల్లో చాలామంది ఇంకా ఉన్నారు, వాళ్లు ఇప్పటిదాకా చూడని మాటలవి. నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఆ సరేలో నిజాయితీ లేదు.

బస్సులో కూర్చున్నంతసేపూ నా ముప్ఫై పేజీలు పోయాయనే దిగులు. చంద్రగిరి దాటేసరికి ఆ దిగులు పోయి వేరే ఆలోచన పట్టుకుంది. నాకు దొరికింది అధ్యాయం కంటే పెద్దది. పదేళ్ల పాటు అచ్చుకెక్కని వాక్యాలు, ఆ కోపిష్టి మనిషి అసలు గొంతు, నా చేతి సంచిలో ఉన్నాయి. వీటిని అనుబంధంగా వేస్తే తెలుగుదేశమంతా నా పుస్తకం గురించే మాట్లాడుతుంది. పరిశోధనలో నిజానికి మించిన మర్యాద లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె షరతును పెద్ద వయసు చాదస్తం కింద తీసేశాను. ఆదివారం తెల్లారగానే గది తలుపు వేసుకుని కార్డుల మీద ఎత్తిరాయడం మొదలుపెట్టాను. కింద వీధిలో కొండకు పోయేవాళ్ల గోవింద నామాలు, పైన నా కలం చప్పుడు. మొదటి మూడు నోటుపుస్తకాలు మధ్యాహ్నానికి అయిపోయాయి. కొన్ని వాక్యాలకు ఒంటరిగా కూర్చుని నవ్వాను కూడా. ఎవరిని గురించి రాశాడో వాళ్లలో కొందరు నాకు తెలుసు. సభల్లో నా పక్కన కూర్చున్నవాళ్లే.

నాలుగో నోటుపుస్తకంలో నా పేరు కనబడింది.

ఆరేడు పంక్తుల సమీక్ష అక్కడ పది పంక్తులుంది. బ్రాకెట్ల మధ్య ఉన్నది ఇది: "ఈ పుస్తకంలో కవి ఎక్కడా ఎదురు కాలేదు. కవి కావాలనే కోరిక ఒకటే ప్రతి పుటలోనూ ఎదురైంది. ఇతను మంచి చదువరి కాగలడు. అంతకు మించి ఆశ పెట్టుకోవడం ఇతనికీ కవిత్వానికీ మంచిది కాదు."

నేను పర్సులోంచి నా ముక్క తీసి పక్కన పెట్టి చూశాను. అచ్చులో ఉన్న వాక్యాలన్నీ ఉన్నాయి. ఇవి మాత్రం లేవు. అప్పటికి నేను కవిత్వం రాయడం మానేసి ఐదేళ్లయింది. ఎవరూ మానమనలేదు, అదే జారిపోయింది. పెద్దాయన చెప్పినట్టే చదువరినయ్యాను, చదువు చెప్పేవాణ్ణయ్యాను. మాట నిజమైంది కాబట్టి మరింత నొప్పి పుట్టింది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ నాలుగు వాక్యాలు పత్రికలో చూసుంటే ఏమయ్యేవాణ్ణో ఊహించుకోబోయి మానుకున్నాను. ఆ రోజు ఇక కలం ముట్టలేదు. రెండు శనివారాలు చిత్తూరికి పోలేదు.

మూడో శనివారం పోయాను. రెండు వారాలు ఎందుకు రాలేదని ఆమె నన్ను అడగలేదు. మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నాలో ఉన్న ఉక్రోషమంతా వేరే రూపంలో బయటికొచ్చింది. చూపు లేని మనిషిని పదేళ్లు మోసం చేశావని అన్నాను. ఆయన సంతకం కింద ఆయన చెప్పనిది పంపావని అన్నాను. వయసులో నా తల్లి కంటే పెద్దామె. ఆ మాటలు తలుచుకుంటే ఈ రోజుకూ తల వంగిపోతుంది.

ఆమె కోపగించుకోలేదు. చెప్పనిది ఎప్పుడూ పంపలేదని అంది. "తీసినా గాని కలపలేదప్పా. ఒక్క మాట కలిపింది లేదు. కలిపితే అది దొంగ సంతకమవతాది."

అప్పుడు నాకు అసలు అడగాల్సింది తోచింది. గాలివాన పాదం నిలుస్తుందన్న మాట ఎవరిది అని అడిగాను.

"మా అన్నదే. ఆ మాట చెప్పే ముందు నీ పుస్తకం మళ్లా తీయించి, ఆ పాదం రెండు తూర్లు సదివించుకున్నాడు."

నేను కళ్లు తుడుచుకున్నాను. ఆమె చూడనట్టు లేచి లోపలికి పోయి కాఫీ పెట్టుకొచ్చింది. కాఫీ తాగుతూ ఇంకొకటి అడిగాను. నాలుగో నోటుపుస్తకంలో నా పేరుందని మరిచిపోయి ఇచ్చావా, తెలిసే ఇచ్చావా అని. తెలిసే ఇచ్చానంది. నీదొక్కటీ తీసిపెట్టి మిగతావి ఇచ్చుంటే, నువ్వు పరాయివాళ్ల మాటలన్నీ అచ్చు వేసుకుని ఉండేవాడివి అంది. నేను బస్సులో అనుకున్నదంతా ఆమె నా ముఖంలోనే చదివేసిందని అప్పుడు అర్థమైంది.

మోసం సంగతి ఆ తర్వాత చెప్పింది. పెద్దాయన పోవడానికి మూడేళ్ల ముందు పలమనేరు నుంచి ఒక బడి అయ్యవారు వచ్చాడట, తన పుస్తకం మీద సమీక్ష వచ్చినందుకు దండం పెట్టుకుని పోదామని. చేతిలో పత్రిక కూడా తెచ్చుకున్నాడు. మీరు తప్పులు చెప్పినా ఎంత గౌరవంగా చెప్పారో చూడండని, సంతోషం పట్టలేక సమీక్ష మొత్తం ఆయనకే చదివి వినిపించాడు. అత్త మజ్జిగ గ్లాసులు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది. తాను చెప్పిన నాలుగు వాక్యాలు అందులో లేవని పెద్దాయనకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన అయ్యవారికి మజ్జిగ ఇప్పించి, బస్సు టైము కనుక్కుని, వీధి దాకా పంపించమన్నాడు. అతను పోయాక, ఎప్పటి నుంచి అని అడిగాడు. మొదటి నుంచి అని ఈమె చెప్పింది. నాలుగు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. వారమైనా కొత్త పుస్తకం తీయమనలేదు. మద్రాసుకు ఇక రాయడం మానేస్తాడనుకుని ఆమె కుమిలిపోయింది.

ఎనిమిదో రోజు కలం తీసుకుని రమ్మన్నాడు. చెప్పడం మొదలుపెట్టి, ఒకచోట ఆగి, ఇప్పుడు రెండు వాక్యాలు చెప్తా, ఇవి నువ్వు తీసేసేవి అన్నాడు. తీసేసేదానికి మళ్లీ చెప్పడం దేనికి అని ఈమె అడిగింది. ఆయన జవాబు అత్త నాకు ఆయన గొంతుతోనే చెప్పింది.

"చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. పంపకుంటే ఆ పిల్లోడికి నిద్ర పడతాది. ఇద్దరమూ పనుకుంటాము, రాసుకో."

అప్పటి నుంచి పోయేదాకా అట్లాగే జరిగింది. ఆ మూడేళ్ల నోటుపుస్తకాల్లో కొన్నిచోట్ల ఆయన ఏది తీయాలో చెబితే ఈమె వద్దని ఉంచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ మాట తగలాల్సిందే, తగిలితే వాడు బాగుపడతాడని ఆమె వాదించేదట. చల్లబడ్డ కలం అని నేను పేరు పెట్టిన దాని వెనక జరిగింది అది.

నోటుపుస్తకాలతో పాటు నేను ఎత్తిరాసిన కార్డులన్నీ తీసి ఆమె ముందర పెట్టాను. కార్డుల్ని పొయ్యిలో వేస్తుందనుకున్నాను. ఆమె వాటిని కట్ట కట్టి, మధ్యలో వేపాకు పెట్టి, నోటుపుస్తకాల పక్కన పెట్టింది. కాల్చేదెందుకు, మా అన్న మాటలు కదా అంది. అచ్చులో వద్దన్నాను గాని లేకుండా పోవాలని అనలేదు అంది. ఆ రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో, పరిశోధకుణ్ణని చెప్పుకునే నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఆ అధ్యాయం మళ్లీ రాయడానికి ఏడాది పట్టింది. చివరి పదేళ్ల సమీక్షల్లో మాట పెద్దాయనదనీ, ఏ మాట పోవాలో ఏది ఉండాలో చూసింది చెల్లెలనీ, తర్వాత ఇద్దరూ కలిసే చూశారనీ రాశాను. తీసేసిన వాక్యం ఒక్కటి కూడా ఇవ్వలేదు. ప్రొఫెసరు గారికి నచ్చలేదు. వంటింటి సంగతులు సాహిత్య చరిత్రలోకి దేనికి అన్నారు, ఆధారం చూపించనిది పరిశోధన కాదన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయముంది. నా దగ్గర ఆధారముంది, చూపించే హక్కు లేదు అని మాత్రం చెప్పగలిగాను. పుస్తకం వచ్చాక, పెద్దాయన పేరు తగ్గించానని ఒకరిద్దరు పత్రికల్లో తిట్టారు. వాళ్లలో ఒకాయన గురించి ఎనిమిదో నోటుపుస్తకంలో ఏముందో నాకు తెలుసు. ఆ తిట్టు చదువుతున్నప్పుడు నా మనసుకు కలిగిన సంతోషం అంత మంచిది కాదని ఒప్పుకోవాలి.

పుస్తకం కాపీ తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. తన గురించిన చోట ఆయన చెల్లెలు అని తప్ప పేరు లేదని ముందు చూసుకుంది. తర్వాతి శనివారం పోతే పుస్తకం తిరిగిచ్చి చూడమంది. మూడు చోట్ల పెన్సిలు బ్రాకెట్లున్నాయి. మూడూ నేను పాత విమర్శకుల్ని వెక్కిరించిన వాక్యాలు. రెండో ముద్రణ వస్తే తీసెయ్యమంది. రెండో ముద్రణ రాలేదు గాని నా దగ్గరున్న కాపీలో ఆ మూడూ కొట్టేసుకున్నాను.

తర్వాత కూడా నెలకోసారైనా చిత్తూరికి పోయేవాణ్ణి. పని లేకపోయినా శనివారం వస్తే కాళ్లు బస్‌స్టాండు వైపు లాగేవి. ఆ రోజుల్లో వాళ్ల వీధిలోంచి ఇద్దరు ముగ్గురు కువైట్‌కు పోయారు. చదువు రాని పెళ్లాలు అత్త దగ్గర కూర్చుని ఉత్తరాలు రాయించుకునేవాళ్లు. ఒకసారి ఒకామె మొగుణ్ణి నానా మాటలూ అంటూ చెబుతుంటే, అత్త ఒక్క మాట వదలకుండా రాస్తోంది. ఆమె పోయాక, ఇక్కడ బ్రాకెట్లు లేవా అని నవ్వుతూ అడిగాను. అత్త నవ్వలేదు. అవి మొగుడూ పెళ్లాల మధ్య మాటలనీ, అతను చదవాల్సినవే అనీ, నలుగురూ చదివే మాట వేరే, ఒక్కరు చదివే మాట వేరే అనీ చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెప్పిన పెద్దల దగ్గర చదువుకున్నాను. విమర్శ గురించి నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ వంటింటి గడప దగ్గరే.

మొన్న ఆదివారం చిత్తూరికి పోయి వచ్చాను. పక్కింటామె తలుపు తీసింది. గోడవారన చింతపండు బుట్ట, తాడు కట్టిన అద్దాలు, మడిచిన చాప. నోటుపుస్తకాలూ కార్డుల కట్టా ఒక సంచిలో పెట్టి, నేను వస్తే ఇవ్వమని పోయిన నెలలోనే చెప్పి పెట్టిందట. తెచ్చుకుని నా బీరువాలో పెట్టాను, కొత్త వేపాకు వేశాను. ఆ కవుల్లో ఐదారుగురు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు. వాళ్ల తర్వాత ఏం చెయ్యాలో నా తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు. కాగితానికి తొందర లేదు.

పుస్తకం వచ్చిన మరుసటేడు అనుకుంటా, కార్తీకంలో ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. శనివారానికి కొంచెం తెరిపిచ్చింది. నేను పోయేసరికి తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. లోపలి గది కప్పు ఉరిసి, నీళ్లు కారి పెట్టెలన్నీ తడిసి ఉన్నాయి. మిద్దె మీద నుంచి కాకిని అదిలించిన చప్పుడైతే మెట్లెక్కాను. మిద్దె నిండా చాపలు, దుప్పట్లు, పాత చీరలు. వాటి మీద వరుసలు వరుసలుగా కాగితాలు, వడియాలు పెట్టినట్టు. గాలికి లేవకుండా ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క బరువు: గులకరాయి, ఇత్తడి గ్లాసు, అప్పడాల కర్ర, కుంకుడుకాయలు, అరటికాయ. ఆమె తల మీద తుండుగుడ్డ వేసుకుని, పొడుగాటి కట్టె ఒకటి పట్టుకుని మధ్యలో కూర్చుంది. నన్ను చూసి, తొక్కకుండా అక్కడే ఉండమని చేత్తో సైగ చేసింది. సిరా కొంచెం పాకిన పేజీలు ఎండకు గరగరలాడుతున్నాయి. ఆమె వాటి వైపు చూడడం లేదు. కాణిపాకం దిక్కుగా తలెత్తి, మబ్బు ఇటు వస్తుందా, అటే పోతుందా అని చూస్తోంది.